చింతచెట్టు కథ చెప్పేటప్పుడు

డిసెంబరులో హైదరాబాదు ఇందిరా పార్కు ఎదుట ఎన్టీఆర్ స్టేడియంలో పుస్తకాల పండుగ జరిగినప్పుడు, పిల్లల పుస్తకాలున్న చోట కాసేపు నిలబడితే తల్లిదండ్రుల నోట రెండు రకాల మాటలు వినబడతాయి. వరదో తుపానో యుద్ధమో ఉన్న పుస్తకాన్ని కూతురు చేతిలోకి తీసుకోగానే ఒక అమ్మ, "ఇప్పుడివెందుకు తల్లీ, రాత్రికి నిద్ర పట్టదు" అంటూ మెల్లగా దాన్ని వెనక్కి పెట్టించేస్తుంది. పక్కనే ఒక నాన్న అలాంటి పుస్తకాన్నే ఉత్సాహంగా కొని కొడుకు చేతిలో పెట్టి, "చదువు. వాళ్లెన్ని కష్టాలు పడ్డారో చూడు. నీకేం తక్కువ చేశాం?" అంటాడు. ఇద్దరిదీ ప్రేమే. చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడ, బషీర్‌బాగ్‌లలో పిల్లల్ని పెంచుతున్న తల్లిదండ్రులకు ఆ ఇద్దరినీ దృష్టిలో పెట్టుకుని నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాను.

ముందు ఆ అమ్మకు. అమ్మా, మనం పుస్తకం దాచగలం గానీ వాన నీళ్లను దాచలేం. హుస్సేన్‌సాగర్ నుంచి పొంగిన నీళ్లు పోయే నాలా దోమలగూడ, అశోక్‌నగర్, హిమాయత్‌నగర్, నారాయణగూడ మీదుగా మూసీ వైపు వెళ్తుంది. 2020 అక్టోబరులో కురిసిన వానకు ఈ నాలా ఒడ్డునున్న ఎన్నో వీధుల్లో నీళ్లు నిలిచాయి. చాలామంది పిల్లలు తమ పుస్తకాల సంచి అటకెక్కడం, కింది వాటా వాళ్లు తమ ఇంట్లో రాత్రంతా కూర్చోవడం కళ్లారా చూశారు. అంతకుముందు 2000 ఆగస్టు 24న నగరంలో ఒక్క రోజే 24 సెంటీమీటర్లు కురిసింది. ఆ నెల వరదలో బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోకి నీళ్లొచ్చి, పాత ఉర్దూ పుస్తకాలతో సహా ఎంతో అపురూపమైన సేకరణ తడిసిపోయింది. పిల్లలకు భయం మన దగ్గరే, మన వీధిలోనే పరిచయమవుతుంది. దానికి మొదలేదో చివరేదో వాళ్లకు తెలియదు. కథలో మాత్రం వాన మొదలవుతుంది, ఎవరో ఏదో చేస్తారు, వాన ఆగుతుంది, మర్నాడు తెల్లవారుతుంది. ఆ వరుస పిల్లకు అందితే భయం తగ్గుతుంది. అందుకే ఇలాంటి కథలు ఇవ్వమంటాను. ఎలా ఇవ్వాలన్నదే అసలు మాట.

ఈ ఊళ్లో మొదలుపెట్టదగిన కథ మూసీదే. 1908 సెప్టెంబరు చివరి వారం. ఎగువన కుండపోత. శంషాబాద్‌లో ఒక్క రోజులో 12 అంగుళాలు దాటి కురిసింది. నదికి నీళ్లిచ్చే ప్రాంతంలో అప్పట్లో వందలాది చెరువులుండేవి. వాటిలో 221 తెగిపోయాయి. పైచెరువు తెగితే ఆ నీళ్లు కిందిచెరువు మీద పడతాయి, అది తెగి ఆ కిందిదాని మీద పడుతుంది. అలా చెరువుల నీళ్లన్నీ ఒక్కసారిగా నదిలోకి దిగాయి. సెప్టెంబరు 28న మూసీ ఊరి మీదికి వచ్చింది. అఫ్జల్‌గంజ్‌లో ఆసుపత్రి కొట్టుకుపోయింది. వంతెనలు దెబ్బతిన్నాయి, కుతుబ్‌షాహీల కాలంనాటి పురానాపూల్ మాత్రం నిలిచింది. చనిపోయినవాళ్లు 15 వేల వరకూ ఉంటారని, ఇల్లు పోయినవాళ్లు 80 వేలమందని అంచనా. అప్పటి నగర జనాభాతో చూస్తే ఇవి చాలా పెద్ద అంకెలు.

ఆ రోజు అఫ్జల్‌గంజ్ దగ్గర నది ఒడ్డునున్న చింతచెట్టు మీదికి దాదాపు 150 మంది ఎక్కారు. రెండు రోజులపాటు కొమ్మల మీదే ఉండి ప్రాణాలు నిలుపుకున్నారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. ఏటా సెప్టెంబరు 28న దాని కింద కొందరు కూడి, పోయినవాళ్లను తలచుకుంటారు. నారాయణగూడ నుంచి అఫ్జల్‌గంజ్ ఎంతో దూరం లేదు. ఒక ఆదివారం పొద్దున పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి. మాను చుట్టూ ఒకసారి తిరగనివ్వండి, చేత్తో తాకనివ్వండి. అయిదారేళ్ల పిల్లకైనా ఈ కథ చెప్పొచ్చు. నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయి, కొమ్మలు ఎంత లావున్నాయి, ఆకలేస్తే ఏం చేసి ఉంటారు, రాత్రి చీకట్లో ఒకరినొకరు ఏమని పిలుచుకుని ఉంటారు అని పిల్లలే అడుగుతారు. వాళ్ల ప్రశ్నలకు మీకు జవాబు తెలియకపోతే ఇద్దరూ కలిసి ఊహించండి.

ఈ కథను మనం మామూలుగా చెట్టు ఘనతగా చెబుతాం. అది నిజమే. అయితే ఒక్క చెట్టు మీద 150 మంది ఉన్నారంటే, ఎక్కలేని ముసలివాళ్లను ఎవరో కింద నుంచి ఎత్తి ఉండాలి. చంటిపిల్లల్ని ఎవరో ఒడిలో పట్టుకుని ఉండాలి. నిద్రమత్తులో జారిపోతున్నవాణ్ని పక్కనున్నవాడు పట్టుకుని లేపి ఉండాలి. అలా కాకుండా రెండు రోజులు గడవవు. పిల్లలతో ఈ భాగం దగ్గరే ఎక్కువసేపు ఆగండి. "నువ్వు ఆ కొమ్మ మీద ఉంటే నీ పక్కన ఎవరుండాలనుకుంటావు?" అని అడగండి. "నీ పక్కన తెలియని మనిషి ఉంటే?" అని కూడా అడగండి. ధైర్యం గురించి మీరు ఉపన్యాసం చెప్పనక్కర్లేకుండానే ఆ రెండు ప్రశ్నల మీద పిల్లలు చాలాసేపు మాట్లాడతారు.

అదే వరదలో అమ్జద్ హైదరాబాదీ అనే యువకుడి కళ్లముందే ఆయన తల్లి, భార్య, చిన్నారి కూతురు కొట్టుకుపోయారు. ఆయన ఒక్కడే మిగిలాడు. ఆ రోజు మీద పెద్ద కవిత రాశాడు. తర్వాత ఉర్దూలో రుబాయీలు రాయడంలో సాటిలేని కవి అనిపించుకుని, 1961లో ఈ నగరంలోనే కన్నుమూశాడు. పెద్దపిల్లలకు ఈ కథ చెప్పేటప్పుడు మన నోటికి ఒక మాట చాలా సులువుగా వస్తుంది: "చూశావా, ఎంత గుండెనిబ్బరం!" నిబ్బరం ఉన్నమాట నిజమే. కానీ ఆ మాటను అక్కడితో వదిలేస్తే పిల్ల మనసులో ఒక లెక్క మిగిలిపోతుంది. నిబ్బరం ఉన్నవాడు బతికాడు. మరి ఆ తల్లికి? ఆ చిన్నారికి? వాళ్లకు బతకాలని లేదా? ఉంది. అందరికీ ఉంది. నీళ్లు ఎవరి మనోబలాన్నీ కొలిచి వదలలేదు. ఒకరికి ఆనుకోవడానికి ఏదో దొరికింది, ఒకరికి దొరకలేదు. బతికి బయటపడిన కథ చెప్పిన ప్రతిసారీ ఈ సంగతి పిల్లలకు స్పష్టంగా చెప్పండి. బతకడాన్ని సంకల్పానికి వచ్చిన బహుమతిగా చూపిస్తే, పోయినవాళ్లది లోపమని తెలియకుండానే నేర్పినట్టవుతుంది. రేపు ఎందులోనో తప్పి కింద కూర్చున్న పిల్లవాడు ఆ పాఠాన్ని తన మీదే వేసుకుంటాడు. నేను ఈ వ్యాసం రాయడానికి కారణమే ఇది.

ఈ మాట తేలిగ్గా అర్థమయ్యేలా చెప్పడానికి మనకాలపు ఘటనలు రెండున్నాయి. 2023 నవంబరు 12న, దీపావళి రోజు తెల్లవారుజామున, ఉత్తరాఖండ్‌లో సిల్‌క్యారా సొరంగం కూలి 41 మంది కూలీలు లోపల చిక్కుకున్నారు. పదిహేడో రోజున, నవంబరు 28న అందరూ ప్రాణాలతో బయటికొచ్చారు. లోపలున్నవాళ్లు ధైర్యంగా ఉన్నారు. గబ్బర్‌సింగ్ నేగీ అనే ఫోర్‌మన్ అందరిచేతా యోగా చేయించాడు, అందరూ వెళ్లాకే తాను బయటికొస్తానన్నాడు. బయట ఎంతమంది పనిచేశారో కూడా చూడండి. సన్నని పైపుల గుండా గాలి, మరమరాలు, తర్వాత వేడి కిచిడీ పంపారు. ఇంటివాళ్ల గొంతు వినిపించారు. పెద్ద యంత్రం విరిగిపోయాక, ఇరుకు బొరియల్లో దూరి చేత్తో తవ్వడం తెలిసిన పేద కార్మికులు వచ్చి చివరి కొన్ని మీటర్లు తవ్వారు. 2025 ఫిబ్రవరి 22న మన నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం కూలింది. లోపల ఎనిమిదిమంది చిక్కుకున్నారు. సైన్యం వచ్చింది, గనుల నిపుణులు వచ్చారు, సిల్‌క్యారాలో తవ్వినవాళ్లూ వచ్చారు. అయినా ఆ ఎనిమిదిమందినీ కాపాడలేకపోయారు. నీళ్లు, బురద ఆగకుండా వచ్చిపడ్డాయి. పదకొండు పన్నెండేళ్ల పిల్లలకు ఈ రెండు కథలూ పక్కపక్కనే చెప్పండి. "వాళ్లెందుకు బతికారు, వీళ్లెందుకు బతకలేదు?" అని తప్పకుండా అడుగుతారు. కొండ తీరు, నీళ్లు, దూరం గురించి మాట్లాడండి. లోపలున్న 41 మంది ఎంత మంచివాళ్లో ఈ ఎనిమిదిమందీ అంతే మంచివాళ్లు, బయట పాటుపడినవాళ్లు రెండు చోట్లా పాటుపడ్డారు అని చెప్పండి. పిల్లలు ఈ నిజాన్ని మనం అనుకున్నదానికంటే బాగా తీసుకుంటారు.

దీవిలో ఒంటరిగా బతికినవాడి కథ కావాలంటారు కొందరు పిల్లలు. రాబిన్సన్ క్రూసో ఇవ్వండి, మంచి పుస్తకమే. 1719లో వచ్చిన ఆ నవలకు ప్రేరణ అని చెప్పే అలెగ్జాండర్ సెల్కిర్క్ అనే స్కాట్లండు నావికుడు నిజంగానే దక్షిణ అమెరికా పక్కనున్న ఒక నిర్జన దీవిలో 1704 నుంచి 1709 దాకా నాలుగేళ్లకు పైగా ఒంటరిగా ఉన్నాడు. చదివాక పిల్లవాడితో కలిసి ఒక పట్టిక రాయండి. క్రూసో ఓడలోంచి ఏమేమి తెచ్చుకున్నాడు? గొడ్డలి, రంపం, తుపాకీ మందు, గుడ్డ, గింజలు. అవన్నీ ఎవరు చేశారు? కమ్మరి, వడ్రంగి, నేతగాడు, రైతు. ఒంటరివాడి కథ అనుకున్నది ఎంతమంది పనిమీద నిలబడి ఉందో పిల్లవాడికి తానే కనిపెట్టిన సంతోషం మిగులుతుంది.

కథలు చాలావరకు బతికి బయటపడగానే ఆగిపోతాయి. మీరు అక్కడ ఆపకండి. మూసీ వరద తర్వాత ఏమైంది? ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ప్యాలెస్‌ల తలుపులు తెరిపించి నిలవనీడ ఇప్పించాడు, వంటశాలలు పెట్టించాడు. సరోజినీ నాయుడు బాధితుల కోసం పనిచేశారు. 1909లో ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన ఎగువన తిరిగి, ఎక్కడ ఎంత వాన పడింది, ఏ చెరువు ఎందుకు తెగింది అని లెక్కలు కట్టి, నదిని పైనే పట్టి ఉంచే జలాశయాలు కట్టమన్నాడు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఉస్మాన్‌సాగర్ అంటే మన గండిపేట. గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాదు వదిలి పోడని మన పెద్దవాళ్లు అనేవారు గదా, ఆ నీళ్లు ఆ విపత్తులోంచి వచ్చినవేనని ఎంతమంది పిల్లలకు తెలుసు? బతికినవాళ్లు కన్నీళ్లు తుడుచుకుని ఏం చేశారన్నది తెలిస్తేనే పిల్లలకు కథ పూర్తయినట్టు. మళ్లీ అలా జరగకుండా ఏం చేయాలో ఆలోచించే బుద్ధి అక్కడే పుడుతుంది. ఈ రోజు ఆ జలాశయాల చుట్టూ, నాలాల మీద కట్టడాలు ఎందుకు కూడదో పదో తరగతి పిల్లకు ఇంతకంటే బాగా చెప్పే పాఠం నాకు తెలియదు.

మీ ఊరు కృష్ణా జిల్లా వైపు అయితే దివిసీమ తుపాను కథ మీ ఇంట్లోనే ఉండొచ్చు. 1977 నవంబరు 19, శనివారం. సముద్రం తాటిచెట్లెత్తున లేచి ఊళ్ల మీద పడింది. ప్రభుత్వ లెక్కల ప్రకారమే పోయినవాళ్లు 10 వేల దాకా ఉన్నారు. అసలు సంఖ్య ఇంకా ఎక్కువని అక్కడివాళ్లు అంటారు. తాటిచెట్లను, ఇంటి దూలాలను, కొట్టుకొచ్చిన గడ్డివాములను పట్టుకుని బతికినవాళ్ల కథలు అవనిగడ్డ, నాగాయలంక వైపు ఇప్పటికీ చెబుతారు. సినిమావాళ్లు జోలెపట్టి ఊరూరా తిరిగారు. ఎన్టీ రామారావు, అక్కినేని నాగేశ్వరరావు వీధుల్లోకి వచ్చి చందాలడిగారు. దేశం నలుమూలల నుంచి మనుషులు వచ్చి శవసంస్కారాలు చేశారు, ఇళ్లు కట్టారు. ఆ తర్వాత కోస్తా పొడుగునా తుపాను షెల్టర్లు లేచాయి. 1990 మేలో మరో పెద్ద తుపాను వచ్చినప్పుడు ముందుగానే పెద్ద సంఖ్యలో జనాన్ని తరలించారు, ఈసారి మరణాలు వెయ్యిలోపే ఆగాయి. వెయ్యి చిన్న సంఖ్య కాదు. అయినా 1977 గుర్తుంది కనుకనే అన్ని వేల ప్రాణాలు నిలిచాయి. మీ ఇంట్లో అప్పటి సంగతి చూసిన తాతయ్యో అమ్మమ్మో ఉంటే వాళ్లను అడిగించండి. పిల్లలచేత అడిగించండి, మీరు పక్కన కూర్చుని వినండి. ఫోన్‌లో రికార్డు చేయొచ్చా అని ముందు అడగండి. వద్దంటే ఊరుకోండి. ఏడిస్తే ఏడవనివ్వండి. పెద్దవాళ్లు ఏడవడం చూడటం వల్ల పిల్లలు చెడిపోరు.

విపత్తు ఒక్క రోజుది. కష్టం ఏళ్లది. ఇంటర్, డిగ్రీ పిల్లల చేతిలో పెట్టదగిన పుస్తకం కొండపల్లి కోటేశ్వరమ్మ ఆత్మకథ 'నిర్జన వారధి'. 2012లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ అచ్చువేసింది. ఆవిడ 1918లో పుట్టారు. పసితనంలోనే వితంతువయ్యారు, మళ్లీ పెళ్లి చేసుకున్నారు, కమ్యూనిస్టు ఉద్యమంలో అజ్ఞాతవాసం చేశారు, భర్త విడిచిపోయాక ముప్పై దాటిన వయసులో హైదరాబాదు వచ్చి ఆంధ్ర మహిళా సభలో చిన్నపిల్లల పక్కన కూర్చుని మెట్రిక్ చదివారు. తర్వాత కాకినాడలో ఆడపిల్లల పాలిటెక్నిక్ హాస్టల్‌లో మేట్రన్‌గా పనిచేసి తన కాళ్ల మీద నిలబడ్డారు. కొడుకు, కూతురు ఇద్దరూ ఆవిడ ఉండగానే పోయారు. తొంభై దాటాక ఈ పుస్తకం వచ్చింది. 2018లో వందేళ్లు నిండాక పోయారు. మన నారాయణగూడకు అంత దూరం లేని చోట ఆవిడ మళ్లీ అక్షరాలు పట్టుకున్నారని చెబితే పిల్లలకు ఆ వీధులే కొత్తగా కనిపిస్తాయి. అయితే ఒక మాట. ఇందులో బిడ్డల మరణాలున్నాయి, ఆత్మహత్య ఉంది. పిల్లకు ఇచ్చేముందు మీరు చదవండి. పిల్ల ఆ పుటల దగ్గరికి వచ్చేసరికి మీరు ఇంట్లో ఉండేలా చూసుకోండి. చదివాక, పుస్తకాల పండుగలో ఆ నాన్న అన్నట్టుగా, "ఆవిడంత పడింది, నువ్వు దీనికేనా" అనే మాట మాత్రం నాలుక చివరికి వచ్చినా ఆపుకోండి. ఆవిడ ఆ పుస్తకం రాసింది ఎవరినీ చిన్నబుచ్చడానికి కాదు.

నవలల్లో డాక్టర్ కేశవరెడ్డిగారి 'అతడు అడవిని జయించాడు' గుర్తొస్తుంది. ఆయన నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు వైద్యం చేసిన మనిషి. ఆ నవలలో ఒక ముసలివాడు తప్పిపోయిన చూడిపంది కోసం అడవిలో రాత్రంతా ఒంటరిగా పోరాడతాడు. ఆ నవల పాఠకుణ్ని ఓదార్చి పంపే రకం కాదు. నేను దాన్ని పదహారు దాటిన పిల్లలకు ఇస్తాను, అంతకు చిన్నవాళ్లకు ఇవ్వను. అన్నా ఫ్రాంక్ డైరీ అయితే పదమూడేళ్లకే ఇవ్వొచ్చు, ఆ పిల్ల రాయడం మొదలుపెట్టిన వయసు కూడా అదే. ఆమ్‌స్టర్‌డాంలో ఎనిమిదిమంది రెండేళ్లకు పైగా దాక్కోగలిగారంటే, పట్టుబడితే తమ గతేమవుతుందో తెలిసీ వాళ్లకు తిండి, గ్రంథాలయం నుంచి పుస్తకాలు మోసుకొచ్చిన మీప్ గీస్ లాంటివాళ్ల వల్లే. ఎనిమిదిమందిలో అన్నా తండ్రి ఒక్కడే తిరిగొచ్చాడు. డైరీని దాచి ఆయన చేతికి ఇచ్చింది కూడా మీపే. అన్నాను గుర్తుపెట్టుకున్నట్టే మీప్‌నూ గుర్తుపెట్టుకొమ్మని పిల్లలకు చెప్పండి.

ఎప్పుడు, ఎలా అన్నది కొంచెం. చిన్నపిల్లలకు ఈ కథలు పడుకునే వేళ వద్దు. పగలు, నడుస్తూనో అన్నం తింటూనో చెప్పండి. పుస్తకమైనా నోటికథ అయినా సరే గానీ వరద వీడియోలు చూపించకండి. కథ వింటున్నప్పుడు పిల్ల తాను మోయగలిగినంతే ఊహించుకుంటుంది, తెరమీద బొమ్మ మాత్రం ఎంతుంటే అంతా మీద పడేస్తుంది. మధ్యలో పిల్ల చెవులు మూసుకున్నా, లేచి వేరే ఆట మొదలుపెట్టినా కథ అక్కడే ఆపేయండి. వారం తర్వాత తానే వచ్చి "ఆ చెట్టు మీదవాళ్లు దిగారా?" అని అడగొచ్చు. అయిపోయాక "ఈ కథలో నీతి ఏమిటి?" అని అడగకండి. బడిలో ఆ ప్రశ్న ఎలాగూ అడుగుతారు. ఒకే పుస్తకాన్ని, అందులో ఒకే చోటును పదేపదే చదువుతుంటే కంగారుపడకండి, పక్కన కూర్చోండి. కానీ తిండి తగ్గి, నిద్ర చెడి, ఆటలు మానేసి చావు గురించే మాట్లాడుతుంటే మాత్రం అది పుస్తకం చేసిన పని కాకపోవచ్చు. వేరే దిగులేదో పుస్తకంలో తలదాచుకుని ఉండొచ్చు. వైద్యులతో మాట్లాడండి.

సొంతంగా దెబ్బతిన్న పిల్లల సంగతి వేరు. కొవిడ్ కాలంలో నాన్ననో నానమ్మనో పోగొట్టుకున్న పిల్లలు ఇప్పుడు మన ప్రతి బడిలోనూ ఉన్నారు. అలాంటి పిల్లకు "నీలాంటి వాళ్ల కథే ఇది" అంటూ పుస్తకం తెచ్చి ఇవ్వకండి. ఇంట్లో అందుబాటులో పెట్టి ఊరుకోండి. తీసుకుంటే తీసుకుంటుంది. చాలాసార్లు ఆ పిల్లలకు సరిగ్గా తమలాంటి కథ కంటే దూరపు కథ సుఖంగా ఉంటుంది. నాన్న పోయిన పిల్ల నాన్న పోయిన కథ చదవలేకపోవచ్చు గానీ, మంచు ఎడారిలో తప్పిపోయిన కుక్కల బండి కథ చదివి హాయిగా ఏడవగలదు. ఆ ఏడుపు దేనికోసమని అడగకండి.

ఇక పెద్దపిల్లలు. అశోక్‌నగర్ సందుల్లో, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం బల్లల మీద పొద్దున్నించి రాత్రి దాకా పుస్తకాల మీద వంగి కూర్చున్న వేలమంది యువతీయువకులు ఎవరి పిల్లలో. పాలమూరు నుంచి, ఆదిలాబాద్ నుంచి, నల్లగొండ నుంచి వచ్చి ఇరుకు గదుల్లో నలుగురైదుగురు సర్దుకుని, ఉద్యోగ నోటిఫికేషన్ కోసం ఏళ్లకేళ్లు ఎదురుచూస్తున్నారు. వాళ్లు చదివే పుస్తకాల్లోనూ కష్టపడి పైకొచ్చినవాళ్ల కథలే. పూట గడవక చదివి కలెక్టరైన కొడుకు, కూలికి పోతూ గ్రూప్స్ కొట్టిన కూతురు. ఆ కథలు నిజాలే, ఆ విజయాలు గొప్పవే. కానీ గెలిచినవాళ్ల కథలు మాత్రమే తల్లిదండ్రుల నోట మళ్లీమళ్లీ వింటే, ఖాళీలు కొన్నే అని, పోటీ పడేవాళ్లు లక్షలని తెలిసిన పిల్లవాడికి కూడా తప్పు తనలోనే ఉందనిపిస్తుంది. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలొచ్చిన కొద్దిరోజుల్లోనే తెలంగాణలో ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. వాళ్లలో ధైర్యం లేదని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. వాళ్లకు ఆ గంటలో చెయ్యి అందలేదు.

కాబట్టి హాస్టల్లో ఉన్న కొడుక్కి, కూతురికి ఫోన్ చేసినప్పుడు "ఎంతవరకు వచ్చింది సిలబస్?" ఒక్కటే అడగకండి. ఎవరితో కలిసి తింటున్నావు, గదిలో ఎవరికైనా ఒంట్లో బాగోలేదా, సాయంత్రం ఎవరితో మాట్లాడావు అని అడగండి. మీ జీవితంలో మీకు ఎవరు ఆసరా అయ్యారో చెప్పండి. ఉద్యోగం పోయినప్పుడు అప్పు ఇచ్చిన స్నేహితుడి సంగతి, పంట పోయిన ఏడు గింజలిచ్చిన పక్కింటి రైతు సంగతి పిల్లలకు తెలియాలి. చాలామంది తండ్రులు తాము పడ్డ కష్టాన్నే చెబుతారు, అందుకున్న సాయాన్ని చెప్పరు. మనం చెప్పకపోతే సాయం అడగడం తప్పనుకుంటారు. ఈసారి రాకపోతే ఇంటికి వచ్చెయ్, కలిసి ఆలోచిద్దాం అన్న మాట ఫలితాలకు ముందే చెప్పండి. తర్వాత చెబితే అది ఓదార్పు మాటలా వినబడుతుంది. పిల్లవాడి మాటల్లో అలసట దాటి ఇంకేదో వినబడితే, "ఇక నావల్ల కాదు, నేను లేకపోతేనే నయం" లాంటి మాట వస్తే, సూటిగా అడగండి, చచ్చిపోవాలనిపిస్తోందా అని. అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. వెంటనే బయలుదేరి వెళ్లండి, వెళ్లలేకపోతే దగ్గరున్న బంధువునో స్నేహితుణ్నో పంపండి. మానసిక ఆరోగ్యానికి సాయం అందించే టెలిమానస్ నంబరు 14416. రాత్రీ పగలూ ఉచితంగా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. మీ ఫోన్లో, మీ పిల్లల ఫోన్లో, వాళ్లతో గది పంచుకున్నవాళ్ల ఫోన్లో కూడా ఆ నంబరు ఇప్పుడే పెట్టించండి.